చంటిబిడ్డ చేతికి పుస్తకము



మన ఇళ్లలో పసిబిడ్డ పుస్తకము పట్టుకోగానే వినిపించే మాట ఒక్కటే: "చించేస్తాడు, తీసి పైన పెట్టండి!" మా ఇంటిలోనూ అదే మాట. మా పెద్దపిల్లలిద్దరి చిన్నతనములో పుస్తకాలన్నీ బీరువాలో ఉండేవి, తాళపుచెవి మా సతీమణి దగ్గర ఉండేది. బిడ్డకు అయిదేళ్లు వచ్చి, బడిలో చేరి, అక్షరాలు పట్టుబడిన తరువాతనే పుస్తకము చేతికివ్వాలన్నది మా పెద్దల పద్ధతి. మేమూ దానినే అనుసరించాము. అది తప్పని మేము గ్రహించినది నలభై ఏళ్లు దాటిన తరువాత, అక్షరము ముక్క రాని ఒక అమ్మమ్మ వలన.

మేము సేవ చేయుచున్న పల్లె కోనసీమలో ఉన్నది. ఇక్కడ ఏ వీధిలో చూసినా నాలుగిళ్లవారైనా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. మా పల్లె నుండి వెళ్లేది ఎక్కువగా స్త్రీలే, ఇంటిపనికి. మా సంఘములోని ఒక సహోదరి తన బాబుకు పది నెలలు నిండగానే పాలు మాన్పించి, అప్పు తీర్చడానికి కువైట్ వెళ్లింది. బాబు అమ్మమ్మ చేతులలో పెరుగుతున్నాడు. ఏడాది తిరిగిన తరువాత, సెలవు మీద వచ్చిన పొరుగూరి ఆమె చేత ఆ తల్లి ఒక మూట పంపింది. అందులో రెండు చొక్కాలు, సబ్బులు, ఒక పాలపొడి డబ్బా, వాటి అడుగున ఒక పుస్తకము.

అది ఇంగ్లీషు పుస్తకము. కాగితాలు కావు, మందపాటి అట్టలు. ప్రతి పేజీలోనూ ఒక కుక్కపిల్ల బొమ్మ. ఒక దాని మీద బొచ్చు గుడ్డ, ఒక దాని మీద చేతికి గరగరలాడే ముక్క, మరొక దాని మీద నున్నగా మెరిసే ముక్క అతికించి ఉన్నాయి. ఆ తల్లి పనిచేసే ఇంటిలో ఒక పసిబిడ్డ ఉన్నదట. సాయంత్రము పూట ఆ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని ఇటువంటి పుస్తకమే చూపించడము ఈమె పని. "వాళ్ల బిడ్డకు రోజూ చూపిస్తున్నానమ్మా, నా బిడ్డకే చూపించలేకపోతున్నాను" అని ఫోనులో ఏడ్చిందట.

అమ్మమ్మ బాబును చంకనెత్తుకొని, పుస్తకాన్ని కొంగున చుట్టుకొని మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, నాకు తెలుగే రాదు. ఇది ఇంగ్లీషంట. ఎలా చదివి చెప్పాలో మీరే చెప్పండి" అన్నది. మేము పేజీలు త్రిప్పి చూశాము. వేదాంత పాఠశాలలో మాకు గ్రీకు అక్షరాలు కూడా నేర్పారు గాని, అట్ట పుస్తకము ఎలా చదవాలో ఎవరూ నేర్పలేదు. "అమ్మా, బాబు ఇంకా చిన్నవాడు. బడికి వెళ్లేనాటికి పనికివస్తుంది, జాగ్రత్తగా దాచిపెట్టండి" అని సలహా ఇచ్చాము.

ఇంతలో బాబు మా చేతిలోని పుస్తకాన్ని లాక్కొన్నాడు. ముందు ఒక మూల నోటిలో పెట్టుకొన్నాడు. తరువాత గరుకు ముక్క మీద వ్రేలితో గీరాడు. మేము తీసుకోబోతుంటే, మా సతీమణి మమ్మును వారించి, వాడి ప్రక్కన నేల మీద కూర్చొన్నది. వాడి వ్రేలు దాని మీద పడగానే "గరుకు! గరగర!" అన్నది. వాడు వ్రేలు వెనక్కి తీసుకొని ఆమె ముఖములోనికి చూశాడు. మళ్లీ తాకాడు. "గరుకు!" మళ్లీ చూశాడు. ఈ పని ఏడెనిమిది సార్లు జరిగింది. అంతసేపూ మేము పుస్తకము కోసము చాపిన చెయ్యి అలాగే చాపి ఉన్నాము. ఆ సంగతి తలచుకొంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అప్పటికి బాబుకు ఇరువది రెండు నెలలు. నాలుగైదు మాటలకు మించి రావు. "మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారులే" అని ఇరుగుపొరుగువారు అనేవారు. ఇటువంటి మాటలతో ఊరుకోవద్దని మా మనవి. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించమన్నాము. చెవులు బాగానే ఉన్నాయని వైద్యులు చెప్పారు. మరి కొరత ఏమిటి? అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి, పనులన్నీ చేసుకొని, బాబుకు ఫోనులో బొమ్మలు పెట్టి బువ్వ తినిపించేది. రోజంతటిలో వాడి కళ్లలోనికి చూసి మాట్లాడే సమయము చాలా తక్కువ. ఆమెను తప్పుపట్టడానికి మేము ఈ మాట వ్రాయడము లేదు. అరవై ఏళ్ల వయస్సులో మళ్లీ చంటిబిడ్డను పెంచడము ఎంత కష్టమో పెంచినవారికే తెలుస్తుంది.

ఈ పుస్తకాల సంగతి కొంచెము తెలుసుకొందాము. అమెరికాలో డొరోతీ కున్‌హార్ట్ అనే రచయిత్రి 1940లో "పాట్ ది బన్నీ" అనే చిన్న పుస్తకము తెచ్చారు. అందులో కుందేలును నిమరవచ్చు. నాన్న గడ్డము స్థానములో ఉప్పుకాగితము ముక్క ఉంటుంది, అది గీరుకుంటుంది. అమ్మ ఉంగరములో వ్రేలు దూర్చవచ్చు. గుడ్డ పైకెత్తితే దాగిన పిల్లవాడు కనబడతాడు. పువ్వులను వాసన చూడవచ్చు. చదవవలసినది తక్కువ, చేయవలసినది ఎక్కువ. బిడ్డ ముట్టుకోవడానికే ఒక పుస్తకము అన్న ఆలోచన దానితో బాగా వ్యాపించింది. బ్రిటన్‌లో 1999లో అస్‌బోర్న్ సంస్థ మొదలుపెట్టిన వరుసలో మొదటిది కుక్కపిల్ల పుస్తకమే. ఆ వరుసలో ప్రతి పేజీలోని బొమ్మనూ ఒక్కొక్క గుణము చూపించి మనది కాదని ప్రక్కకు పెడతారు. చివరి పేజీలో మనది దొరుకుతుంది. ఒక తెల్లని చిట్టెలుక మాత్రము అన్ని పేజీలలోనూ ఉంటుంది.

కువైట్ నుండి వచ్చినది కూడా ఆ తీరు పుస్తకమే. మాకు అందులో ఒక చిక్కు కనిపించింది. "ఇది మనది కాదు" అన్న మాట ఏడాదిన్నర బిడ్డకు అంత సులభము కాదు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోవడము వలన ఆ చిక్కే లేకపోయింది. ఆమె పేజీకి ఒక్క మాట చెప్పి ఊరుకొనేది.

అయితే తాకి నేర్చుకోవడము దొరలు మనకు తెచ్చిన వింత ఏమీ కాదు. మన తాతల కాలపు వీధిబడిలో నేల మీద ఇసుక పరచి, పంతులుగారు పిల్లవాని వ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించేవారు. అక్షరము కంటికంటే ముందు వ్రేలికి తెలిసేది. మరియా మాంటిస్సోరి అనే ఇటలీ వైద్యురాలు 1907లో రోము నగరములోని ఒక పేదవాడలో పిల్లల బడి తెరిచి, గరుకు పలకలు, నునుపు పలకలు, ఉప్పుకాగితముతో కత్తిరించిన అక్షరాలు వారి చేతికిచ్చింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ప్రపంచ యుద్ధము రావడముతో కొన్ని సంవత్సరాలు మన దేశములోనే ఉండిపోయింది. మన ఇసుక సంగతి ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో!

ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ఒక విషయము ఉన్నది. పుస్తకములోని బొమ్మ బొమ్మేనని, వస్తువు కాదని పసిబిడ్డకు పుట్టుకతో తెలియదు. జూడీ డిలోష్ అనే పరిశోధకురాలు, తోటివారు కలిసి 1998లో ఒక పరిశీలన ప్రచురించారు. తొమ్మిది నెలల బిడ్డల ముందు బొమ్మల పుస్తకము పెడితే, వారు బొమ్మలోని వస్తువును చేతితో తీయబోయారు, రుద్దారు, గిల్లారు. అమెరికా బిడ్డలూ అంతే, పుస్తకాలు అంతగా కనబడని ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు పల్లె బిడ్డలూ అంతే. పంతొమ్మిది నెలలు వచ్చేసరికి గిల్లడము మాని, వ్రేలితో చూపించసాగారు. అంటే మన బిడ్డ పుస్తకాన్ని గీకడము అల్లరి కాదు. "ఇది ఏమిటి?" అని వాడు చేతితో అడుగుతున్నాడు. మేమా ఆదివారపు బడిలో ఫ్లానెల్ గుడ్డ మీద బొమ్మలు అతికిస్తూ, "ముట్టుకోవద్దు, దూరంగా కూర్చోండి" అని ఎంతమంది చిన్నవారిని కసిరామో లెక్క లేదు.

అలాగని పుస్తకములో ఎన్ని హంగులుంటే అంత మేలని అనుకోకండి. ఆ పరిశోధకురాలే తరువాత తోటివారితో కలిసి, లాగితే కదిలేవి, ఎత్తితే తెరుచుకొనేవి ఉన్న పుస్తకాలను పరీక్షించింది. మాటలు, అక్షరాలు నేర్పే విషయములో సాదా బొమ్మల పుస్తకమే వాటికంటే మెరుగని తేలింది. బిడ్డ ధ్యాస లాగడము మీదికి పోతే మాట చెవికి ఎక్కదు. నొక్కితే పాట పాడే పుస్తకాలు కూడా పట్నాలలో అమ్ముతున్నారు. పుస్తకమే పాడుతుంటే అమ్మ నోరు మూసుకొంటుంది. మా దృష్టిలో అది నష్టపు బేరము.

ఎందుకంటే గరుకు ముక్క తనంత తాను ఏమీ నేర్పదు. బిడ్డ వ్రేలు దానిని తాకిన క్షణములో, వాడు ఆశ్చర్యపడి మన ముఖములోనికి చూసిన క్షణములో, మనము ఇచ్చే ఒక్క మాట నేర్పుతుంది. ఆ మాట ఇవ్వడానికి చదువు అక్కరలేదు. మొదటి రోజున "నాకేమి తెలుసు అయ్యగారూ" అన్న ఆ అమ్మమ్మ వద్ద ఎన్ని మాటలున్నాయో చూడండి. రుబ్బిన పిండి మెత్తబడిందో ఇంకా బరకగా ఉందో వ్రేళ్లతోనే చెప్పగలదు. చేప తాజాదో కాదో నొక్కి చెబుతుంది. ముతక చీర, సన్నపు చీర, జిగట మట్టి, పొడి మట్టి, గోరువెచ్చని నీళ్లు, నున్నటి పీట, ఇవన్నీ ఆమెకు కరతలామలకము. ఇంగ్లీషు రాదని ఆమె బెంగపడినది గాని, ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో చెప్పకూడదని ఏ చట్టములో ఉన్నది? చంటిబిడ్డకు అమ్మభాషలోనే చెప్పండి. ఆ వయస్సులో "రఫ్", "సాఫ్ట్" అనిపించాలని తాపత్రయపడే తండ్రులను మేము చూస్తున్నాము. బిడ్డకు కావలసినది ఇంటిలో రోజంతా వినబడే మాట.

ఇంకొక సంగతి మా సతీమణి కనిపెట్టింది. పుస్తకములోని ఒక్క ముక్కను చూపి "గరుకు" అంటే, బిడ్డ అది ఆ కుక్కపిల్ల పేరేమో అనుకోవచ్చు. కనుక పుస్తకము మూసిన తరువాత పెరటిలోనికి తీసుకువెళ్లి కొబ్బరి పీచు తాకించాలి: "ఇదీ గరుకే!" గోనెసంచి: "ఇదీ గరుకే!" చెట్టు బెరడు, చీపురు కట్ట. అప్పుడు మాట వస్తువును విడిచి గుణానికి అంటుకొంటుంది. ఆ తరువాత అరటి ఆకు నిమిరించి "నునుపు" అనండి. తేడా ఆ వ్రేలికే తెలుస్తుంది. పెద్దది చిన్నది, లోపల బయట, ఒకటి చాలా, అన్నీ ఈ దారినే వస్తాయి. బియ్యపు డబ్బాలో చేయి పెట్టించి "లోపల", తీసి "బయట" అంటే బాబుకు ఎంత సంబరమో! బియ్యము నేలపాలైతే అమ్మమ్మ కేకలు వేసిందనుకోండి, అది వేరే మాట.

సమయము ఎంత ఇవ్వాలని కొందరు అడుగుతారు. మూడు నాలుగు నిమిషాలు చాలు. బిడ్డ లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. తలక్రిందులుగా పట్టుకొన్నా, నాలుగు పేజీలు ఒకేసారి త్రిప్పినా, ఒకే పేజీ పదిసార్లు అడిగినా విసుక్కోకండి. కొందరు బిడ్డలకు కొన్ని స్పర్శలు గిట్టవు. వారి చేయి పట్టుకొని బలవంతంగా రుద్దవద్దు. చుట్టాలు వచ్చినప్పుడు "ఇదేంటో చెప్పు, చెప్పు!" అని పరీక్ష పెట్టడము మన వారికి బాగా అలవాటు. బాబు అమ్మమ్మ కూడా మా ముందు అదే చేసింది. వాడు పుస్తకము విసిరికొట్టి మంచము క్రిందికి దూరాడు. మేము వాడి పక్షమే.

కువైట్ నుండి పుస్తకము రాని ఇళ్ల మాట ఏమిటి? మనమే చేసుకోవచ్చు. మా సతీమణి, అమ్మమ్మ కలిసి ఒక మధ్యాహ్నము చేశారు. అట్టపెట్టెను జానెడు కొలతతో ఆరు ముక్కలు కోసి, పాత చీర గుడ్డతో ఒక్కొక్క దానికి గలేబు కుట్టారు. ఒక దాని మీద గోనె ముక్క, ఒక దాని మీద పట్టుచీర అంచు, ఒక దాని మీద దూది కూరిన చిన్న దిండు, ఒక దాని మీద ఉప్పుకాగితము, ఒక దాని మీద నీలము రంగు తువాలు ముక్క కుట్టారు. ఆరవది ఏమీ కుట్టని నునుపు గుడ్డ. ఒక ప్రక్కన రెండు చిల్లులు పెట్టి తాడుతో బిగించారు. మైదా జిగురుతో అతికించవచ్చు గాని బొద్దింకలు చేరతాయి, పైగా బిడ్డ పీకి తినేస్తాడు. కుట్టడమే మేలు. మాసితే గలేబులు విప్పి ఉతికి ఎండలో వేయవచ్చు. కొన్న అట్ట పుస్తకాన్నయితే తడిపి పిండిన గుడ్డతో తుడవాలి, నీళ్లలో ముంచకూడదు.

ఇక్కడ మాత్రము గట్టిగా చెబుతున్నాము. మూడేళ్లలోపు బిడ్డ పుస్తకములో గుండీలు, పూసలు, చమ్కీలు, గింజలు కుట్టవద్దు. ఊడివస్తే గొంతులో అడ్డుపడతాయి. ఎర్రగా ముచ్చటగా ఉన్నాయని గురిగింజలు అసలే వద్దు. అవి విషము, నలిగిన గింజ ప్రాణము తీయగలదు. అద్దము ముక్క వద్దు. కట్టిన తాడు పొడవుగా వ్రేలాడకూడదు, మెడకు చుట్టుకొంటుంది. ఉప్పుకాగితములో బాగా సన్నరకము తీసుకోండి. పాట పాడే పుస్తకము ఎవరైనా బహుమానంగా ఇస్తే, లోపలి బిళ్ల బ్యాటరీ మూత మరతో బిగించి ఉన్నదో లేదో చూడండి. ఆ బిళ్ల మింగితే కొన్ని గంటలలోనే అన్నవాహికను కాల్చివేస్తుంది. అనుమానము కలిగినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

మన అంగన్‌వాడీలు 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఏర్పడినవి. అందులో బడిముందు చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే. అంతకంటే చిన్నవారికి ఎక్కువగా ఆహారము, బరువు, టీకాల సంగతే చూసేవారు. పుట్టినది మొదలు మూడేళ్ల వరకు బిడ్డతో ఇంటిలో ఏమేమి ఆడించాలో, మాట్లాడించాలో తెలుపుతూ కేంద్ర ప్రభుత్వము 2024లో "నవచేతన" అనే మార్గదర్శిని విడుదల చేసింది. మీ అంగన్‌వాడీ కార్యకర్తను అడిగి తెలుసుకోండి. మీరు కుట్టిన పుస్తకము ఆమెకు చూపిస్తే సంతోషిస్తుంది కూడా.

ఫోను సంగతి చెప్పకుండా ముగించలేము. ఏడాది బిడ్డకు ఫోను, టీవీ తెరలు అసలు వద్దని, రెండేళ్ల బిడ్డకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అయితే దూరాన ఉన్న తల్లితో ముఖాముఖిగా మాట్లాడే వీడియో కాలు ఈ లెక్కలోనిది కాదని అమెరికాలోని శిశువైద్యుల సంఘము 2016లోనే చెప్పింది. ఎందుకంటే అవతల ఉన్నది బొమ్మ కాదు, బదులు పలికే మనిషి. ఈ తేడా అమ్మమ్మకు వివరించాము. బువ్వ పూట ఫోను మానిపించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇల్లంతా ఏడుపే.

శుక్రవారము ఆ తల్లికి కొంచెము వీలు దొరుకుతుంది. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. అమ్మమ్మ ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టి, బాబును ఒడిలో పెట్టుకొని, కుక్కపిల్ల పుస్తకము తెరుస్తుంది. ఏ పేజీలో ఏమున్నదో తల్లికి కంఠస్థము. వ్రేలు ఇక్కడ, మాట అక్కడ నుండి. మొదటి శుక్రవారము ఆమెకు మాట పెగలలేదు, అమ్మమ్మే చెప్పవలసి వచ్చింది. రెండవ వారము నుండి ఆమే చెబుతున్నది. ఇప్పుడు బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. ఇరువది మాటల పైచిలుకు వచ్చాయి. పుస్తకము వలననే వచ్చాయని మేము అనము. పిల్లలు పెరుగుతారు, మాటలు వస్తాయి. కాని "గరుకు" అన్న మాట ఎక్కడ నుండి వచ్చిందో మాకు తెలుసు. గడ్డము గీసుకోని ఒక ఉదయము మేము వాడిని ఎత్తుకొంటే, మా చెంప తడిమి ఆ మాట అన్నాడు.

పోయిన నెలలో ఒక శుక్రవారము మేమూ వారి ఇంటిలో ఉన్నాము. పుస్తకము అయిపోయిన తరువాత బాబు ముందుకు వంగి, ఫోనులో కనబడుతున్న తల్లి చెంపను వ్రేలితో రుద్దాడు. కొంచెము ఆగి, "నున్న" అన్నాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఈసారి మూటలో ఏ పుస్తకము పంపమంటారని తల్లిని అడిగింది. పుస్తకము వద్దని, ఆమె కట్టి విడిచిన పాత ఓణీ ఒకటి ఉతకకుండా పంపమని అమ్మమ్మ చెప్పింది. ఏడవ పేజీకి అట్ట ఇప్పటికే కోసిపెట్టి ఉన్నది.